పాతకాలపు విమానంతో విదేశీ ఎయిర్‌షోల యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

2014 ఆగస్టులో కెనడాలోని హామిల్టన్ నుంచి లాంకాస్టర్ అనే నాలుగు ఇంజిన్ల యుద్ధకాలపు బ్రిటిష్ బాంబర్ ఒకటి బయలుదేరింది. అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ చేరి, ఆరు వారాలకు పైగా అక్కడి ఎయిర్‌షోలలో పాల్గొని, మళ్లీ అదే దారిలో క్షేమంగా ఇల్లు చేరింది. ఈ పేజీలోని జవాబులు చాలావరకు ఆ లాంకాస్టర్ ప్రయాణాన్ని ఆధారం చేసుకున్నవి. అది చాలని చోట స్పిట్‌ఫైర్ అనే యుద్ధ విమానం, డకోటా అనే రవాణా విమానం వంటి ఇతర విమానాల అనుభవాలను కూడా ప్రస్తావించాం.

పాతకాలపు విమానం అని వేటిని అంటున్నారు?

అన్ని దేశాలూ ఒప్పుకున్న నిర్వచనం ఒకటంటూ లేదు. ఇక్కడ ఆ మాటను రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికే రూపుదిద్దుకున్న పిస్టన్ ఇంజిన్ విమానాలకు మాత్రమే వాడుతున్నాం. పాత జెట్ విమానాలను పక్కన పెట్టాం. ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లలో ఉండే పేలుడు పదార్థాలను ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకుపోవడమే ఒక ప్రత్యేక శాస్త్రం కాబట్టి, ఆ చర్చను ఇందులో కలిపితే రెండింటికీ న్యాయం జరగదు.

2014 నాటి లాంకాస్టర్ యాత్రను అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?

మొత్తం 7,377 లాంకాస్టర్లు తయారయ్యాయి. వాటిలో 430 కెనడాలోని మాల్టన్‌లో విక్టరీ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం నుంచి వచ్చాయి. వాటన్నిటిలో ఈనాడు గాలిలోకి లేవగలిగినవి రెండే రెండు. ఒకటి పాత యుద్ధ విమానాలను ఎగిరే స్థితిలో ఉంచే, బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లైట్ అనే బృందం దగ్గర కోనింగ్స్‌బీ స్థావరంలో ఉన్న పీఏ474. రెండోది హామిల్టన్‌లోని కెనేడియన్ వార్‌ప్లేన్ హెరిటేజ్ మ్యూజియం వారి ఎఫ్ఎం213. ఈ రెండో విమానం మీద వీఆర్-ఏ అనే అక్షరాలు ఉంటాయి కనుక అభిమానులు దాన్ని ముద్దుగా ‘వెరా’ అంటారు. ఆ అక్షరాలు ఆండ్రూ మైనార్‌స్కీ అనే కెనడా వైమానికుడు ప్రయాణించిన లాంకాస్టర్‌వి. 1944 జూన్‌లో మంటల్లో చిక్కుకున్న ఆ విమానంలో, తోక భాగంలో ఇరుక్కుపోయిన సహచరుణ్ని విడిపించడానికి ప్రయత్నించి, ఒళ్లు కాలి మరణించిన ఆయనకు తర్వాత విక్టోరియా క్రాస్ ప్రకటించారు.

ఇలా సముద్రానికి చెరో పక్క ఉండిపోయిన ఈ రెండింటినీ ఒకే ఆకాశంలో చూపాలన్నదే యాత్ర ఉద్దేశం. ఆగస్టు 5న హామిల్టన్‌లో లేచిన వెరా కెనడాలోనే ఉన్న గూస్ బే, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా ఆగస్టు 8న కోనింగ్స్‌బీలో దిగింది. రెండు లాంకాస్టర్లు కలిసి ఎగరడం అప్పటికి దాదాపు యాభై ఏళ్లుగా ఎవరూ చూడని దృశ్యం. ఎనిమిది మెర్లిన్ ఇంజిన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఆ శబ్దం చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుందని అక్కడ నిలబడి విన్నవారు చెప్పుకుంటారు.

యుద్ధకాలంలో ఈ విమానాలు అట్లాంటిక్‌ను ఏకబిగిన దాటేవి కదా, ఇప్పుడు గ్రీన్‌లాండ్ చుట్టూ తిరగడం దేనికి?

దాటగలగడం వేరు, దాటించడం సబబు కావడం వేరు. యుద్ధకాలంలో ఒక విమానం సముద్రంలో పడిపోతే దాని వెనుక కర్మాగారంలో మరొకటి సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఉన్నవి రెండే. అందుకే నిర్వాహకులు ఇంధనం నిండుగా మోసే పెద్ద అంగలు మానుకొని, పగటి వెలుగులో ముగిసే చిన్న అంగలు ఎంచుకుంటారు. గూస్ బే నుంచి గ్రీన్‌లాండ్‌లోని నార్సార్‌సువాక్‌కు, అక్కడి నుంచి ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌కు ఒక్కొక్కటి 1,200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. లాంకాస్టర్ వేగానికి నాలుగైదు గంటల పని.

అన్నిటికంటే కష్టమైన మజిలీ నార్సార్‌సువాక్. 1941లో అమెరికా సైన్యం కట్టిన ఈ విమానాశ్రయానికి ఒకే రన్‌వే ఉంది. పొడవు సుమారు 1,800 మీటర్లు, ఒక కొసన సముద్రపు పాయ, మిగతా చుట్టూ కొండలు. మేఘం కిందికి దిగితే ఆ లోయలోకి వెళ్లడానికి దారి ఉండదు, దగ్గరలో మరో అనువైన విమానాశ్రయమూ ఉండదు. అందుకని ఈ దారిలో వెళ్లే ప్రతి పైలట్ బయలుదేరే ముందే ఒక బిందువును లెక్కగట్టుకుంటాడు. దాన్ని దాటితే వెనక్కి తిరిగి రావడానికి ఇంధనం చాలదు. అక్కడికి చేరేలోగా గ్రీన్‌లాండ్ నుంచి అనుకూలమైన వాతావరణ సమాచారం అందకపోతే మారుమాట లేకుండా వెనుదిరగాలి. కింద నీరు మనిషిని నిమిషాల్లో కొయ్యబార్చేంత చల్లన. కాబట్టి చలి నీటి నుంచి కాపాడే దుస్తులు ఒంటిమీద వేసుకునే ఎగురుతారు. ఆపద వచ్చాక వేసుకుందామంటే ఆ ఇరుకు కాక్‌పిట్‌లో అది కుదిరే పని కాదు.

ఈ దారి ఎంత నిర్దాక్షిణ్యమైనదో చెప్పడానికి ‘గ్లేసియర్ గర్ల్’ అనే పి-38 కథ ఒక్కటి చాలు. 1942 జూలైలో బ్రిటన్‌కు పోతూ వాతావరణం చెడి గ్రీన్‌లాండ్ మంచు మీద దిగిపోయిన ఆ యుద్ధ విమానాన్ని, 1992లో సుమారు 80 మీటర్ల లోతు మంచు కింద నుంచి ముక్కలుగా బయటికి తీసి, ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ ఎగిరించారు. ఆగిపోయిన ప్రయాణాన్ని పూర్తి చేయిద్దామని 2007లో ఇంగ్లండ్‌కు బయలుదేరదీశారు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కారిపోవడంతో అది గూస్ బేలోనే ఆగిపోయింది. అరవై అయిదేళ్ల తర్వాత కూడా ఆ విమానానికి అట్లాంటిక్ దారి ఇవ్వలేదు. ఆ నిర్ణయం తీసుకున్న పైలట్‌ది ఓటమి అని మేం అనుకోవడం లేదు.

ఎగరేసుకుంటూ తీసుకెళ్లడం మేలా, విప్పి కంటైనర్‌లో పంపడం మేలా?

జవాబు రెక్కల్లో ఉంది. స్పిట్‌ఫైర్ రెక్కలు విమానం నడుము దగ్గర విడిపోతాయి. రెక్కలు తీసిన విమానం పొడవు పది మీటర్లలోపే కనుక నలభై అడుగుల కంటైనర్‌లో అమరుతుంది. లాంకాస్టర్ ఒక రెక్క కొస నుంచి మరో కొసకు 31 మీటర్లు, డకోటా 29 మీటర్లు. వాటిని ఓడకెక్కించేంతగా విప్పడమంటే దాదాపు కొత్తగా పునరుద్ధరించడమే. అందుచేత పెద్ద విమానాలు ఎగిరి వెళ్తాయి, చిన్న యుద్ధ విమానాలు సాధారణంగా పెట్టెలో వెళ్తాయి.

దీనికి గొప్ప మినహాయింపు ఎంజే271 అనే స్పిట్‌ఫైర్. 2019 ఆగస్టు 5న ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ నుంచి లేచి, స్టీవ్ బౌల్ట్‌బీ బ్రూక్స్, మాట్ జోన్స్ అనే ఇద్దరు పైలట్ల చేతుల మీదుగా భూమి చుట్టూ సుమారు 43,000 కిలోమీటర్లు తిరిగి, అదే ఏడాది డిసెంబరు 5న గుడ్‌వుడ్‌లోనే దిగింది. రంగు వేయకుండా లోహాన్ని మెరుగుపెట్టి వదిలేసిన ఆ వెండి విమానం ఒంటరిగా వెళ్లలేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి. మెకానిక్కులు, సామగ్రి ఎక్కిన పిలాటస్ పీసీ-12 విమానం ఆ యాత్రకు తోడు నడిచింది.

పెట్టెలో పంపేవారు మరిచిపోయే లెక్క ఒకటుంది. ఓడ ప్రయాణానికి పట్టే వారాలను అందరూ గుర్తుంచుకుంటారు. విప్పడానికి, బిగించడానికి, బిగించిన తర్వాత నియంత్రణ తీగల బిగువు సరిచూసి పరీక్షార్థం ఎగిరించడానికి పట్టే రోజులను మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. రెండు రోజుల ఎయిర్‌షో కోసం రెండు చివర్లా ఈ తతంగం జరగాలి. అందుకే ఓడలో పంపిన విమానాన్ని ఒక్క ప్రదర్శనతో వెనక్కి తేకుండా, ఒక వేసవి కాలమంతా ఆ ఖండంలోనే ఉంచడం లాభసాటి. చెక్కతో చేసిన విమానాలకైతే ఓడ అడుగున ఉండే తేమ మరో బెంగ. న్యూజిలాండ్‌లో పునరుద్ధరించిన కేఏ114 అనే మస్కీటో 2012లో అక్కడ ఎగిరి, తర్వాత అమెరికాకు ఓడలోనే చేరింది కనుక, జాగ్రత్త పడితే చెక్క విమానానికీ అది అసాధ్యం కాదు.

మా దేశంలో ఎగరడానికి అనుమతి ఉంది. అది వేరే దేశంలో చెల్లుతుందా?

తరచుగా ఎదురుదెబ్బ తగిలేది ఇక్కడే. 1944 నాటి షికాగో ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గట్టు ఒక దేశం ఇచ్చిన ఎగిరే యోగ్యతా పత్రాన్ని మిగతా సభ్య దేశాలు గుర్తించాలి. ప్రయాణికుల విమానంగా పుట్టిన డీసీ-3కి, దాని సైనిక రూపమైన సి-47కి (బ్రిటిష్‌వారు డకోటా అన్నది దీన్నే) చాలాచోట్ల ఇటువంటి ప్రామాణిక పత్రం దొరుకుతుంది. స్పిట్‌ఫైర్, లాంకాస్టర్, మస్టాంగ్ వంటి యుద్ధ విమానాలు సాధారణంగా బ్రిటన్‌లో ‘పర్మిట్ టు ఫ్లై’ మీద, అమెరికాలో ‘ఎక్స్‌పెరిమెంటల్’, ‘లిమిటెడ్’ వంటి తరగతుల కింద ఎగురుతాయి. ఇవి ఆ దేశపు గడప లోపల మాత్రమే చెల్లే కాగితాలు. సరిహద్దు దాటాలంటే దిగబోయే దేశం నుంచే కాదు, దిగకుండా పైనుంచి దాటిపోయే ప్రతి దేశం నుంచీ విడిగా లిఖితపూర్వక అనుమతి తెచ్చుకోవాలి.

ఆ అనుమతులకు షరతులు ఉంటాయి. పగటిపూట మాత్రమే, నేల కనబడుతుండగా మాత్రమే, జనసాంద్రత గల ప్రాంతాలను తప్పించి మాత్రమే అన్నవి వాటిలో మామూలువి. వీటికి తోడు రేడియో నియమాలు. యూరప్‌లో చాలా గగనతలాల్లో ఇరుకైన 8.33 కిలోహెర్ట్జ్ ఛానెళ్లు అందుకునే రేడియో తప్పనిసరి. అందుకని పాతకాలపు కాక్‌పిట్ ఎంత యథాతథంగా ఉంచినా, ఎక్కడో ఒక మూల ఆధునిక రేడియో, రాడార్‌కు విమానం ఉనికిని తెలిపే ట్రాన్స్‌పాండర్ పెట్టక తప్పదు. అసలుతనం చెడిందని వాపోయే అభిమానుల మనసు మాకు అర్థమవుతుంది. కాని గగనతల నియంత్రకుడికి కనబడని, వినబడని విమానానికి ఈనాడు విదేశీయాత్ర లేదు.

మా సలహా ఒక్కటే: తేదీలు ప్రకటించకముందే దారిలోని అన్ని దేశాలకూ దరఖాస్తులు పెట్టండి. పది దేశాల్లో తొమ్మిది ఒప్పుకొని ఒకటి మౌనంగా ఉన్నా యాత్ర ఆగినట్టే.

విమానానికి అనుమతి వచ్చాక పైలట్ నేరుగా ప్రదర్శన ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. పైలట్ లైసెన్సు ఒకటి, జనం ముందు తక్కువ ఎత్తులో విన్యాసాలు చేయడానికి ఉండవలసిన యోగ్యత మరొకటి. బ్రిటన్‌లో పౌర విమానయాన సంస్థ ‘డిస్‌ప్లే ఆథరైజేషన్’ ఇస్తుంది. అమెరికాలో విన్యాసాల సామర్థ్యాన్ని ధ్రువపరిచే కార్డు ఉంటుంది. అక్కడ జనం నుంచి ఎంత దూరంలో ఎగరాలన్నది విమానపు వేగాన్ని బట్టి 500, 1,000, 1,500 అడుగులుగా నిర్ణయించి ఉంటుంది. ఒక దేశంలో అలవాటైన ప్రదర్శన మరో దేశపు గీతల లోపల ఇమడకపోవచ్చు కాబట్టి, విన్యాసాల క్రమాన్ని ఇంటి దగ్గరే ఆ కొలతలకు తగ్గట్టు మార్చి సాధన చేసుకోవాలి. 2015 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని షోరమ్ ఎయిర్‌షోలో పాత హంటర్ జెట్ రహదారి మీద కూలి 11 మంది చనిపోయిన తర్వాత బ్రిటన్‌లో ఈ నిబంధనలు బాగా బిగుసుకున్నాయి. అవి అతి అనిపించేవారు ఆ పదకొండు మందీ ప్రదర్శన చూడడానికి టికెట్ కొనుక్కున్నవారు కాదని, బయట దారిలో ఉన్నవారని గుర్తుంచుకోవాలి.

కస్టమ్స్ దగ్గర ఏమి అడుగుతారు?

విమానం తానే ఒక వాహనం కాబట్టి తాత్కాలిక ప్రవేశం కింద అది లోపలికి రావడం అంత కష్టం కాదు. చిక్కంతా దానిలో ఉన్న సామానుతో. విడి భాగాలు, పనిముట్లు, జాకీలు, ప్రదర్శన సామగ్రి వంటివి తిరిగి తీసుకుపోతామని హామీ ఇస్తూ ‘ఏటీఏ కార్నే’ అనే పత్రం మీద పంపడం మంచి పద్ధతి. ఈ పత్రం ఏడాది వరకు చెల్లుతుంది. మన దేశంలో దాన్ని వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య అయిన ఫిక్కీ జారీ చేస్తుంది. అయితే అమ్మకానికి తెచ్చే టీషర్టులు, బొమ్మలు, వాడితే అయిపోయే నూనెలు కార్నే కిందికి రావు. వాటికి సుంకం విడిగా చెల్లించాలి. చాలా బృందాలకు ఖర్చులు గట్టెక్కేది ఆ టీషర్టుల మీదే కనుక ఇది చిన్న విషయం కాదు.

మరో రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, తుపాకులు. పేల్చడానికి పనికిరాకుండా చేసిన మెషిన్‌గన్ అయినా, చూడడానికి తుపాకీలా ఉన్న వస్తువుకు పత్రం కావాలి. ఉత్త నమూనా అయితే ఆ మాట రాతపూర్వకంగా దగ్గర ఉంచుకోవాలి. రెండోది ఎవరూ ముందుగా ఊహించనిది. యుద్ధకాలపు మీటర్లలో అంకెలు చీకట్లో మెరవడానికి రేడియం కలిపిన రంగు వాడేవారు. ఆ మెరుపు ఏనాడో ఆరిపోయినా రేడియోధార్మికత పోలేదు. ఓడరేవులో పరికరం కూత పెట్టిన తర్వాత వివరణ ఇచ్చుకోవడం కంటే, బయలుదేరే ముందే ఆ మీటర్లను మార్చుకోవడమో, పట్టికలో చూపించడమో నయం.

ఇంధనం ప్రతిచోటా దొరుకుతుందా?

దొరకదు. ఈనాటి పెద్ద విమానాశ్రయాలన్నీ జెట్ ఇంధనం మీద నడుస్తాయి. అది శుద్ధి చేసిన కిరోసిన్. మన పాత ఇంజిన్లు తాగేది నీలిరంగు వేసిన, సీసం కలిపిన 100ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్ అనే విమానపు పెట్రోలు. రెండు ఇంజిన్ల డీసీ-3 గంటకు సుమారు 380 లీటర్లు తాగుతుంది. కాబట్టి ఒక మజిలీలో రెండు మూడు వేల లీటర్లు కావాలి. ఆ విమానాశ్రయంలో శిక్షణ విమానాల కోసం ఉంచుకునేదే కొన్ని వందల లీటర్లయితే, ముందుగా పీపాల్లో తెప్పించి పెట్టించుకోవాలి. అక్కడికి చేరాక చేతిపంపుతో, వడపోత గుడ్డతో గంటల తరబడి నింపుకోవాలి.

ఇంకో చిక్కు ముంచుకొచ్చింది. ఈ ఇంధనంలో కలిపే టెట్రాఇథైల్ లెడ్ వాడకానికి యూరోపియన్ యూనియన్‌లో 2025 మే 1 నుంచి ప్రత్యేక అనుమతి అవసరమైంది. సీసం మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు హానికరమన్నది వివాదం లేని సంగతి. కాబట్టి మారవలసింది మన ఇంజిన్లే గాని ఆ నియమం కాదని మా అభిప్రాయం. మన దేశంలో పరిస్థితి కొంత మెరుగుపడింది. ఒకప్పుడు పూర్తిగా దిగుమతి మీదే ఆధారపడిన ఈ ఇంధనాన్ని ఇండియన్ ఆయిల్ తన గుజరాత్ రిఫైనరీలో తయారుచేసి 2022 సెప్టెంబరులో విడుదల చేసింది.

విదేశంలో ఇంజిన్ చెడిపోతే ఏం చేయాలి?

చెడిపోతుందనే లెక్కతోనే బయలుదేరాలి. 2014 ఆగస్టు చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లో వెరా ఇంజిన్లలో ఒకటి దెబ్బతిన్నది. డర్హమ్ టీస్ వ్యాలీ విమానాశ్రయంలో దిగిన ఆ విమానం అక్కడే కొన్నాళ్లు ఉండిపోయి, మిగిలిన ప్రదర్శనలన్నీ తలకిందులయ్యే స్థితి వచ్చింది. అప్పుడు ఆదుకున్నది మెమోరియల్ ఫ్లైట్ బృందం. తమ దగ్గరున్న మెర్లిన్ ఇంజిన్‌ను వాళ్లు అరువిచ్చారు. దాన్ని బిగించుకొని వెరా యాత్ర కొనసాగించింది. బ్రిటిష్ బృందం దగ్గర ఇంజిన్ ఉండడం అదృష్టమే, కాని అది కెనడా విమానానికి సరిపడటం వెనుక ఎనభై ఏళ్ల నాటి ఒక నిర్ణయం ఉంది. కెనడా లాంకాస్టర్లలో ఉండే మెర్లిన్లను అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ తయారుచేసినప్పుడు, సొంత మరల (స్క్రూల) కొలతలు వాడకుండా బ్రిటిష్ మరల కొలతలనే అనుసరించింది. యుద్ధరంగంలో భాగాలు అటూ ఇటూ మార్చుకోవడానికి వీలుగా చేసిన ఆ పని 2014లో ఒక ఎయిర్‌షో యాత్రకు అక్కరకు వచ్చింది.

మరల సంగతి వచ్చింది కాబట్టి పనిముట్ల గురించి ఒక మాట. బ్రిటిష్ విమానానికి విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల పానాలు, అమెరికా విమానానికి అంగుళాల పానాలు, ఆతిథ్యమిచ్చే యూరప్ హ్యాంగర్‌లో మిల్లీమీటర్ల పానాలు. ‘అక్కడ అడిగి తీసుకుందాం’ అనుకుంటే కుదరదు. ఎవరి పెట్టె వాళ్లే మోసుకెళ్లాలి. స్పార్క్ ప్లగ్గులు, వాటికి విద్యుత్తు అందించే మాగ్నెటో, పంపులు, గొట్టాలు, సీళ్లు, ఒక టైరు విమానంలోనే ఉండాలి. సిలిండర్లు, ప్రొపెల్లర్, పూర్తి ఇంజిన్ వంటివి మోసుకుపోలేరు కనుక, ఏ దేశంలో ఏ బృందం దగ్గర ఆ రకం ఉందో, అవసరమైతే ఏ షరతుల మీద ఇస్తారో ముందే మాట్లాడుకోవాలి. ఇక అన్నిటికంటే విలువైన స్పేర్ పార్ట్ మనిషే. శబ్దం విని జబ్బు చెప్పగల మెకానిక్‌ను ఇంటి దగ్గర వదిలి, ఆ సీటును అతిథికి ఇచ్చే యాత్రల మీద మాకు నమ్మకం లేదు.

ఇంత ఖర్చు ఎవరు భరిస్తారు?

ఎయిర్‌షో నిర్వాహకులు ఇచ్చే పారితోషికం ఒక్కటే అయితే ఖండాంతర యాత్ర ఏనాడూ గిట్టదు. వెరా బృందం అట్లాంటిక్ దాటే ప్రయాణంలో ఒక సీటును ఆన్‌లైన్ వేలం వేస్తే 79,100 పౌండ్లు పలికింది. సంస్థల ప్రాయోజకత్వం మరో దారి. 1940లో తయారైన హెచ్‌బీ-ఐఆర్‌జే అనే డీసీ-3ని బ్రైట్లింగ్ గడియారాల సంస్థ 2017లో జెనీవా నుంచి ప్రపంచం చుట్టూ తిప్పింది. ఆ విమానంలో 500 చేతి గడియారాలను కూడా తిప్పి, భూమి చుట్టివచ్చిన గడియారాలుగా అమ్మింది. వ్యాపార తెలివి అంటే అదీ. మిగిలినవారికి సభ్యత్వాలు, విరాళాలు, జ్ఞాపికల అమ్మకం, ఉచితంగా పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ. చివరిదాన్ని జీతంగా లెక్కగడితే ఏ యాత్రా బయలుదేరదు.

బీమా సంగతి?

విమానపు విలువకు చేసే బీమా యజమాని ఇష్టం. ఇతరులకు జరిగే నష్టానికి బీమా మాత్రం తప్పనిసరి, యూరప్‌లో దాని కనీస మొత్తం విమానపు గరిష్ఠ బరువును బట్టి మారుతుంది. పాలసీలో ప్రదర్శన విన్యాసాలు, సముద్రంపై ప్రయాణం, ప్రతి దేశం పేరు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

వాతావరణం బాగోక విమానం రాకపోతే ప్రేక్షకులకు డబ్బు తిరిగి ఇస్తారా?

ఆయా ఎయిర్‌షోల నిబంధనలను బట్టి ఉంటుంది, సాధారణంగా ఇవ్వరు. పాత విమానానికి అడ్డుగాలి ఒక ముఖ్యమైన పరిమితి. తోకచక్రం మీద నిలిచే విమానాలు దిగేటప్పుడు పక్కగాలికి గిర్రున తిరిగిపోయే స్వభావం కలవి. ప్రేక్షకులకు ఎండ కాస్తున్నట్టే ఉన్నా ఆ రోజు విమానాన్ని బయటికి తీయకపోవచ్చు. యాత్రా ప్రణాళికలో ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక ఖాళీ రోజు ఉంచని బృందం ఏదో ఒక వారంలో మాట తప్పక తప్పదు.

ఇంత అరుదైన యంత్రాన్ని సముద్రాల మీద తిప్పడం సబబేనా?

ఈ ప్రశ్న అడిగేవారిని మేం తేలికగా తీసుకోం. విమానాన్ని మ్యూజియంలో ఉంచితే వందేళ్లయినా ఉంటుంది, ఎగిరితే ఏదో ఒకనాడు పోవచ్చు. అయితే ఎగిరే విమానాన్ని ఎగిరేలా ఉంచడానికి ఇంజిన్లు విప్పే చేతులు, రేకు వంచే చేతులు, వాటిని నేర్చుకునే కుర్రవాళ్లు కావాలి. నిలబెట్టిన విమానం ఆ విద్యను బతికించదు. మా వైఖరి మధ్యేమార్గం. ఒక రకంలో ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలి ఉంటే దాన్ని సముద్రం దాటించకూడదు. డకోటాల్లా పదుల సంఖ్యలో ఎగురుతున్నవాటిని ఇంట్లో దాచుకోవడంలో అర్థం లేదు. 1944లో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన నార్మండీ సైనిక దిగుడుకు 75 ఏళ్లయిన సందర్భంగా 2019లో, అమెరికా నుంచి డజనుకు పైగా డీసీ-3, సి-47 విమానాలు ఇదే గూస్ బే, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ దారిలో స్కాట్లాండ్ మీదుగా ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌కు చేరి, ఫ్రాన్స్‌లో పారాచూట్లతో దూకేవారిని దింపాయి. లాంకాస్టర్ ఈ రెండు కొసలకూ నడుమ ఉంటుంది. 2014 యాత్రను మేం సమర్థిస్తాం, ఏటేటా చేద్దామంటే సమర్థించం.

భారతదేశానికి ఇటువంటి యాత్రలతో సంబంధం ఉందా?

ఉంది. మన వైమానిక దళపు వింటేజ్ విభాగంలో ఉన్న డకోటా ‘పరశురామ’ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో పునరుద్ధరణ పొందింది. డకోటా పైలట్‌గా పనిచేసిన ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కుమారుడు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని దళానికి కానుకగా ఇచ్చారు. అది 2018 ఏప్రిల్‌లో ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, జోర్డాన్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఒమన్ మీదుగా ఎగిరి జామ్‌నగర్ చేరింది, మే 4న ఢిల్లీ దగ్గరి హిండన్ స్థావరంలో దళంలో చేరింది. 1947 అక్టోబరు 27న సైనికులతో శ్రీనగర్‌లో దిగిన డకోటా నంబరైన వీపీ905ను దాని మీద వేశారు. గ్రీన్‌లాండ్ చలికి బదులు ఎడారి వేడి. వేడిగాలిలో పాత ఇంజిన్ల బలం తగ్గుతుంది, రన్‌వే మీద పరుగు పెరుగుతుంది, అందుకని ఇటువంటి ప్రయాణాలు తెల్లవారుజామునే మొదలవుతాయి.

ఎదురు దిశలో వెళ్లిన కథ కూడా ఒకటుంది. 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మనీతో జరిగిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడిన ఆర్4118 అనే హరికేన్ యుద్ధ విమానం, యుద్ధం తర్వాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ విద్యార్థుల పాఠ్య వస్తువుగా ఉండిపోయింది. పీటర్ వాషర్ అనే ఆంగ్లేయుడు దాన్ని సంపాదించి ఓడలో ఇంగ్లండ్‌కు తీసుకుపోగా, 2004 డిసెంబరులో అది మళ్లీ ఎగిరింది.

తెలుగువారు ఇటువంటి విమానాలను ఎక్కడ చూడవచ్చు?

హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయంలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రధానంగా పౌర విమానయాన వాణిజ్య ప్రదర్శన. అక్కడ విన్యాసాలు ఉంటాయి గాని పాత విమానాల కోసమే వెళ్తే నిరాశ తప్పదు. డకోటాను చూడాలంటే అక్టోబరు 8 వైమానిక దళ దినోత్సవ ప్రదర్శనల వార్తలను కనిపెట్టి ఉండండి.

అమెరికాలో ఉన్నవారికి జూలై చివర్లో విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్‌లో జరిగే ఎయిర్‌వెంచర్ అన్నిటికంటే పెద్దది. టెక్సాస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు అంత దూరం కూడా పోనక్కర్లేదు. నార్మండీ దిగుడులో సైనికుల విమానాలకు ముందు నడిచి, 2019 యాత్రలో మళ్లీ అక్కడికి వెళ్లివచ్చిన ‘దట్స్ ఆల్, బ్రదర్’ అనే సి-47 శాన్ మార్కస్‌లో ఉంటుంది. టొరంటో ప్రాంతంలో ఉన్నవారికి వెరా ఉండే హామిల్టన్ మ్యూజియం కారులో గంటన్నర లోపే. ఇంగ్లండ్‌లో కోనింగ్స్‌బీ హ్యాంగర్‌ను దగ్గరుండి చూపిస్తారు, పక్కనే ఉన్న ఈస్ట్ కర్క్‌బీలో ‘జస్ట్ జేన్’ అనే మూడో లాంకాస్టర్ ఎగరదు గాని నాలుగు ఇంజిన్లూ నడిపించి నేల మీద తిరుగుతుంది. ఎక్కడికి వెళ్లినా ముందురోజు ఆ సంస్థ ప్రకటనలు చూసుకోండి, పిల్లలు వస్తుంటే చెవులకు పెట్టుకునేవి వెంట తీసుకెళ్లండి.